అమ్మ పని ఏ కోడ్‌లో పడుతుంది? సర్వే డేటాతో పనిచేసినవాళ్లు కాస్త చెప్పండి

కోరుట్ల పిల్ల

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లో ఎకనామిక్స్ పీహెచ్‌డీ చేస్తున్నా, రెండో ఏడాది. ఇంటి పట్టునే ఉండి సంపాదించే ఆడవాళ్ల పని, వాళ్ల కుటుంబం, వాళ్ల బాగోగులు నా టాపిక్. ఊళ్లు తిరిగి సొంతంగా సర్వే చేసేంత డబ్బు నా దగ్గర లేదు. అందుకని గవర్నమెంట్ సర్వేల డేటానే వాడదామనుకున్నా.

మా ఊరు కోరుట్ల దగ్గర. మా అమ్మ పెళ్లయిన మూడో నెల నుంచి బీడీలు చుడుతోంది. పీఎఫ్ నంబర్ కూడా ఉంది. మొన్న సెలవులకు పోయినప్పుడు సరదాకి నేనే సర్వే మేడమ్‌లా ఎదురుగా కూచుని "మీరు ఏం పని చేస్తారమ్మా?" అని అడిగా. ఒళ్లో చాట, చాటలో తంబాకు, చేతిలో కత్తెర. తల కూడా ఎత్తకుండా "నేనేం జేస్త బిడ్డా, ఇంట్లనే ఉంట" అంది. అప్పుడు నవ్వాను గానీ రాత్రంతా అదే ఆలోచన. రేపు నిజంగా సర్వే వాళ్లు వచ్చి ఈ జవాబే రాసుకుని పోతే, పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వేలో, అంటే పీఎల్ఎఫ్ఎస్‌లో, అమ్మకు 92 పడుతుంది. ఇంటి పనులు మాత్రమే చేసే మనిషి అని.

ఇంకో పక్క అదే సర్వే చూస్తే, 15 ఏళ్లు దాటిన ఆడవాళ్లలో పనిలో ఉన్నవాళ్లూ పని వెతుక్కుంటున్నవాళ్లూ కలిపి 2017-18లో 23.3 శాతం, 2023-24 వచ్చేసరికి 41.7 శాతం. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక సార్ "చూశావా, ఆడవాళ్లు బయటికొస్తున్నారు" అంటారు. మా వాడకట్టులో ఎవరూ కొత్తగా బయటికి రాలేదు సార్ అనాలనిపించింది. అనలేదు.

ఇంకో తిరకాసు. మా వదినకు బీడీ కార్డు లేదు. ఆకు కత్తిరిస్తుంది, కట్టలు కడుతుంది, డబ్బులు మాత్రం అమ్మ పేరు మీద పడతాయి. మరి వదినది ఏ కోడ్? నాన్న పద్నాలుగేళ్లు దుబాయ్‌లో ఉండి వచ్చాడు. ఆ పద్నాలుగేళ్లలో సర్వే జరిగి ఉంటే మా ఇంట్లో నాన్న ఉన్నట్టా లేనట్టా?

పీఎల్ఎఫ్ఎస్‌లో పని తెలుస్తుంది, టైమ్ యూజ్ సర్వేలో రోజంతా ఎలా గడిచిందో తెలుస్తుంది కదా, రెండింటినీ కలిపేయొచ్చా? బాగోగుల సంగతి అయితే అసలు ఏ సర్వేలో వెతకాలో కూడా అర్థం కావడం లేదు. తెలంగాణ, బీడీ పరిశ్రమ కోడ్ 12002 అని ఫిల్టర్ పెడితే గుప్పెడు వరుసలు కూడా రాలేదు. టెన్షన్‌గా ఉంది.

---

సూటిమాట

ఈ సర్వేలన్నీ బోగస్ అమ్మా. 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే అన్నారు, బొంబాయి నుంచి రిజర్వేషన్ లేకుండా నిలబడి వచ్చాం. మా మామ ఉన్న ఎకరంన్నర చెప్పలేదు, రేషన్ కార్డు పోతుందని. జనం నిజం చెప్పనప్పుడు నీ పీహెచ్‌డీ ఏం చేస్తుంది?

---

గోదారి ఫీల్డు మనిషి

సూటిమాట గారూ, మీ మామగారి భయం నాకు బాగా తెలుసు. కానీ అది ఇంటింటికీ పేరు రాసుకుని పథకాలకు వాడే లెక్క. ఈ అమ్మాయి అడిగేది శాంపిల్ సర్వే. అందులో పేరు బయటికి రాదు, ఎవరి కార్డూ కోయరు. జనానికి రెండూ ఒకటేలా కనిపిస్తాయి, అదీ నిజమే. "పింఛను తీసేయడానికి వచ్చారా" అనే మాట దాటుకునే లోపలికి వెళ్లేవాళ్లం.

అమ్మాయ్, నేను దాదాపు ముప్పై ఏళ్లు సర్వే ఫీల్డులో తిరిగి 2020లో రిటైర్ అయ్యాను. ఎక్కువగా ఉభయ గోదావరి జిల్లాలు. మీ అమ్మగారి జవాబు నేను కొన్ని వందల సార్లు విన్నాను. నర్సాపురం వైపు లేసు అల్లే ఇళ్లకు వెళ్తే మొగుడు అరుగు మీద కూర్చుని చెప్పేవాడు: "మా ఆవిడేం చేయదండీ, ఖాళీగా ఉండటం ఎందుకని ఏదో అల్లుకుంటుంది". ఆవిడ గుమ్మంలోనే ఉండేది. చేతిలో సూది ఆడుతూనే ఉండేది. సాయంత్రం అయిపోతోంది, ఇంకా మూడిళ్లు మిగిలి ఉన్నాయి, నేను 92 వేసుకుని లేచిన రోజులున్నాయి. తప్పు నాదే, ప్రశ్నావళిది కాదు.

తర్వాత తర్వాత ఒక ఉపాయం పట్టాను. "ఏం పని చేస్తారు" అని అడగడం మానేశాను. "ఈ వారం దారం ఎవరిచ్చారు? అల్లింది ఎవరు తీసుకెళ్లారు? డబ్బు ఎప్పుడు చేతికొచ్చింది?" అని అడిగేవాణ్ని. అప్పుడు మొత్తం బయటికొచ్చేది. పని అనే మాట వినగానే మన ఆడవాళ్లకి కూలికి పోవడమో ఆఫీసుకి పోవడమో గుర్తొస్తుంది, ఒళ్లో ఉన్నది గుర్తుకు రాదు.

రూలు అడిగావు కాబట్టి చెబుతాను. ముడిసరుకు ఎవరో ఇచ్చి, ఇంట్లో చేయించి, సరుకు లెక్కన డబ్బిచ్చే పని అయితే ఈ సర్వేల నిర్వచనం ప్రకారం అది స్వయం ఉపాధి. అంటే మీ అమ్మగారికి పడాల్సింది 11. పీఎఫ్ ఉన్న మనిషి స్వయం ఉపాధి ఏమిటని నువ్వు అడుగుతావు, నేనూ అడిగాను. పీఎఫ్ లెక్కలో ఆవిడ కార్మికురాలు, సర్వే లెక్కలో సొంత పని చేసుకునే మనిషి. ఒక్క బీడీకి రెండు పుస్తకాలు. మీ వదినది 21, ఇంటి పనిలో జీతం లేని సహాయకురాలు. 21 వాళ్లని సంపాదన ఎంత అని అడగరు కూడా.

ఇక నాన్నగారి సంగతి. ఆరు నెలలకు మించి ఇల్లు విడిచి ఉన్నవాళ్లు ఆ ఇంటి సభ్యుల కింద రారు. కాబట్టి ఆ పద్నాలుగేళ్లు మీ ఇంటి యజమాని మీ అమ్మే, సంబంధం కాలమ్‌లో 1 ఆవిడకే. కరీంనగర్, జగిత్యాల వైపు డేటాలో ఆడవాళ్లే యజమానులుగా ఉన్న ఇళ్లు కనిపిస్తే భర్త పోయారనో విడిచిపెట్టారనో అనుకోకు. వైవాహిక స్థితి కాలమ్ పక్కన పెట్టుకుని చూడు.

---

డూఫైల్ దుర్గ

ఫీల్డు సార్ చెప్పింది బంగారం. నేను డేటా వైపు నుంచి చెబుతా చెల్లీ. ఇవన్నీ నేను ఒక్కోటి రెండేసి వారాలు పోగొట్టుకుని నేర్చుకున్నవే.

మొదట ఆ గుప్పెడు వరుసల సంగతి. నువ్వు ముఖ్య పని కాలమ్ ఒక్కటే చూసి ఉంటావు. ఈ సర్వేలో గడిచిన 365 రోజుల్లో ఎక్కువ కాలం దేంట్లో గడిచిందో అది ముఖ్య పని. దాంతో పాటు 30 రోజులకు తక్కువ కాకుండా చేసింది ఇంకేదైనా ఉంటే అది అనుబంధ పని, దానికి వేరే కాలమ్. మీ అమ్మకు ముఖ్య పని 92 పడినా అనుబంధ పనిలో 11, 12002 ఉండొచ్చు. నువ్వు చెప్పిన 41.7లో ముఖ్య పని ఉన్నవాళ్లూ, అనుబంధ పని మాత్రమే ఉన్నవాళ్లూ కలిసే ఉన్నారు. అందుకే రెండు కాలమ్‌లకూ ఫిల్టర్ పెట్టు. అప్పటికీ వరుసలు తక్కువే వస్తే నాలుగైదు సంవత్సరాల మొదటి విజిట్ ఫైళ్లు, అంటే ఒక ఇంటికి మొదటిసారి వెళ్లినప్పటివి, ఒకదాని కింద ఒకటి పేర్చు. జగిత్యాల జిల్లా అంకె మాత్రం ఈ పాత ఫైళ్ల నుంచి లాగకు. వాటి శాంపిల్‌ను జిల్లా కోసం తీయలేదు. నలభై వరుసల మీద శాతం వేస్తే వైవాలో ఉతికి ఆరేస్తారు.

ఫైల్ ఎలా తెరిచావు? అది కామాలు లేని టెక్స్ట్ ఫైల్, ఏ అంకె ఏ స్థానంలో ఉందో లేఅవుట్ షీట్ చూసి చదివించాలి. ఒక్క స్థానం జరిగితే మగవాళ్లంతా ఆడవాళ్లయిపోతారు, నాకు నిజంగానే అయ్యారు! తర్వాత వెయిట్, అంటే శాంపిల్‌లో ఒక్కో మనిషి బయట ఎంతమందికి లెక్కో చెప్పే అంకె. అది మల్టిప్లయర్ అనే కాలమ్ నుంచి వస్తుంది. పాత ఫైళ్లలో ఎన్ఎస్ఎస్, ఎన్ఎస్‌సీ అని రెండు కాలమ్‌లుంటాయి. రెండూ సమానమైతే మల్టిప్లయర్‌ను 100తో భాగించు, లేకపోతే 200తో. ఏడాది మొత్తానికైతే దాన్ని మళ్లీ త్రైమాసికాల సంఖ్యతో భాగించాలి. వెయిట్ లేకుండా తీసిన శాతం నీ శాంపిల్ గురించి చెబుతుంది గానీ రాష్ట్రం గురించి కాదు. 2025 జనవరి నుంచి ఈ సర్వే నెలనెలా అంకెలిచ్చేలా మారింది, శాంపిల్ పద్ధతీ మారింది. ఆ ఫైళ్లను పాతవాటితో కళ్లు మూసుకుని కలపకు.

ఆ పెరుగుదల గురించి మీ సార్‌తో గొడవ పెట్టుకోవాలంటే ఒక టేబుల్ చాలు. పని చేస్తున్న ఆడవాళ్లలో స్వయం ఉపాధి వాటా 2017-18లో 51.9 శాతం, 2023-24లో 67.4. ఈ స్వయం ఉపాధిలో మీ అమ్మ 11, మీ వదిన 21, ఇద్దరూ ఉంటారు. కొత్తగా పని చేస్తున్నారా, లేక ఎప్పటి నుంచో చేస్తున్నది ఇప్పుడు రాసుకుంటున్నారా? ఈ డేటా ఒక్కదానితో అది తేలదు. నా అనుమానం రెండూ ఉన్నాయని.

పీఎల్ఎఫ్ఎస్‌నీ టైమ్ యూజ్‌నీ ఇంటికి ఇల్లు కలపలేవు, అవి వేరే ఇళ్లు. కలపాల్సిన పని కూడా లేదు. టైమ్ యూజ్ సర్వేలో ప్రతి మనిషికీ ముఖ్య పని కోడ్ కూడా ఉంటుంది. అంటే ఒకే ఫైల్లో ఒక ఆడమనిషికి ఇంటివాళ్లు పెట్టిన పేరు ఉంది, ఆమె ఇరవై నాలుగు గంటల లెక్కా ఉంది. 92, 93 (ఇంటి పనులతో పాటు కట్టెలు ఏరుకోవడం, ఇంటివాళ్ల కోసం కుట్టుకోవడం లాంటివి చేసేవాళ్లు) పడిన ఆడవాళ్లను మాత్రం వేరు చేసి, వాళ్ల డైరీలో ఉపాధి నిమిషాలు ఎన్ని ఉన్నాయో చూడు. నాకైతే నీ థీసిస్ అక్కడే కనిపిస్తోంది. 2019లోది, 2024లోది రెండూ దొరుకుతాయి, ఒక్కోదాంట్లో దాదాపు 1.39 లక్షల ఇళ్లు.

ఇంకొక్క మాట. జీతం లేని ఇంటి చాకిరీకి ఆడవాళ్లు 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు అని 2019 అంకెను పేపర్లన్నీ వేశాయి. 2024లో అవి 289, 88. మగాళ్లు సగటున గంటన్నర చేస్తున్నారు అని చాలామంది చదువుకుంటారు. కాదు! ఆ రోజు ఆ పని చేసినవాళ్ల సగటు అది. 2019లో ఆ రోజు ఏదో ఒక ఇంటి పని ముట్టుకున్న మగవాళ్లు 26.1 శాతమే, ఆడవాళ్లు 81.2. ముట్టుకోని వాళ్లనీ కలిపి భాగిస్తే మగవాళ్లది 25 నిమిషాల దగ్గర ఆగుతుంది, ఆడవాళ్లది 240 దాటుతుంది. మా ఆయనకి ఈ లెక్క చూపిస్తే "నేను 26లో ఉన్నానుగా" అన్నాడు.

---

కొండారెడ్డి బురుజు

కర్నూలు నుంచి, డిగ్రీ కాలేజీ లెక్చరర్ని. బాగోగుల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నా.

యంగ్ లైవ్స్ అని ఒక అధ్యయనం ఉంది, ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీది. ఇథియోపియా, పెరూ, వియత్నాంతో పాటు మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను తీసుకున్నారు. 2002లో మొదలుపెట్టి అవే పిల్లల్ని మళ్లీ మళ్లీ కలుస్తూ వచ్చారు. మన దగ్గర సుమారు 3,000 మంది. రెండు వేల మంది 2001-02లో పుట్టినవాళ్లు, వెయ్యి మంది 1994-95 వాళ్లు. తీసుకున్న జిల్లాల్లో పాత కరీంనగర్ ఉంది. మీ కోరుట్ల అప్పుడు ఆ జిల్లాలోదే కదమ్మా.

నీకు పనికొచ్చేవి రెండు. పిల్లలు మామూలు రోజున నిద్రకు, ఇంటి పనికి, ఇంట్లోవాళ్లను చూసుకోవడానికి, సొంత పొలం లేదా ఇంటి వ్యాపారానికి, కూలికి, బడికి, చదువుకి, ఆటకి ఎన్నేసి గంటలు పెడతారో అందులో ఉంది. రెండోది నిచ్చెన ప్రశ్న. తొమ్మిది మెట్ల నిచ్చెన అనుకో, పై మెట్టు మీద నీకు తెలిసిన మంచి బతుకు, కింది మెట్టు మీద కష్టమైన బతుకు, నువ్విప్పుడు ఏ మెట్టు మీద ఉన్నావు అని. అది చాలా మంచి ప్రశ్నే గానీ నా స్టూడెంట్స్‌తో సరదాగా అడిగి చూశాను, అందరూ మధ్య మెట్టే అన్నారు. పైది అంటే దిష్టి, కిందిది అంటే నామోషీ! అందుకే ఒక్కసారి చెప్పిన మెట్టు కన్నా, అదే మనిషి ఏళ్లు గడిచాక ఎక్కాడా దిగాడా అన్నదే నేను నమ్ముతాను. ఇది పేద ఇళ్ల వైపు మొగ్గి తీసిన శాంపిల్, రాష్ట్రం మొత్తానికి ప్రతినిధి అని మాత్రం రాయకు.

పెద్దవాళ్ల కోసమైతే ఐహెచ్‌డీఎస్, అంటే ఇండియా హ్యూమన్ డెవలప్‌మెంట్ సర్వే చూడు. ఢిల్లీలోని ఎన్‌సీఏఈఆర్ అనే పరిశోధన సంస్థ, అమెరికాలోని మేరీలాండ్ యూనివర్సిటీ కలిసి చేశారు. 2004-05లో 41,554 ఇళ్లు, మళ్లీ 2011-12లో చాలావరకు అవే ఇళ్లు. అందులో పెళ్లయిన ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడిగిన ప్రశ్నలున్నాయి. ఆసుపత్రికి పోవాలంటే ఎవరి అనుమతి కావాలి, ఇంట్లో మగవాళ్లు తిన్నాకే తింటారా, అందరూ కలిసి తింటారా, ఇలాంటివి. సంతోషంగా ఉన్నావా అని అడిగితే అందరూ ఉన్నామనే అంటారు. ఎవరు ముందు తిన్నారో చెప్పమంటే నిజం చెబుతారు.

ఒక జాగ్రత్త. పీఎల్ఎఫ్ఎస్ సంబంధం కోడ్‌లలో 4 అంటే పెళ్లయిన సంతానం భార్య లేదా భర్త. అది కోడలైనా కావచ్చు, ఇల్లరికపు అల్లుడైనా కావచ్చు, జెండర్ చూసుకో. ఇద్దరు కోడళ్లున్న ఇంట్లో 6, అంటే మనవడు, అని ఉన్న పసివాడు ఏ కోడలి కొడుకో డేటా చెప్పదు. పిల్లలుంటే ఆడవాళ్ల పని తగ్గుతుందా అనే చాప్టర్ రాసేటప్పుడు ఉమ్మడి కుటుంబాలన్నీ ఇక్కడే చిక్కుపడతాయి.

---

కోరుట్ల పిల్ల

అందరికీ చాలా థాంక్స్. ఫీల్డు సార్, మీరు అలా ఒప్పుకుని రాయడం చూసి ఏం చెప్పాలో తెలియలేదు. దుర్గక్కా, అనుబంధ పని కాలమ్ కలిపితే వరుసలు పెరిగాయి. మగవాళ్లు మగవాళ్లుగానే ఉన్నారు, లేఅవుట్ సరిగ్గానే చదివినట్టున్నా.

బురుజు సార్, నేను పుట్టింది 2001లో. ఆ రెండు వేల మంది పిల్లలంతా నా ఈడువాళ్లే. బడి నుంచి రాగానే టీ తాగి, అమ్మ పక్కన కూచుని బీడీల మూతులు మలిచేదాన్ని, చీకటి పడేదాకా. నన్నడిగి ఉంటే దాన్ని పని అనేదాన్నా, ఆట అనేదాన్నా? అక్కా చెల్లెళ్లం పందెం వేసుకుని చేసేవాళ్లం.

మొన్న శనివారం ఊరికి పోయి టైమ్ యూజ్ ఫారం పద్ధతిలోనే అమ్మ దగ్గర కూచున్నా. నిన్న తెల్లవారుజాము నాలుగు నుంచి ఈ రోజు నాలుగు దాకా, అరగంటకో గడి, మొత్తం 48 గడులు. అమ్మ గడియారం చూడదు. ఫస్ట్ బస్సు, అంగన్‌వాడీ ఆయమ్మ పోవుడు, కార్ఖానాకు బీడీలు ఇచ్చి వచ్చుడు, సీరియల్, ఇవే ఆమె టైములు. వాటిని పట్టుకుని నేను గంటలు వేసుకున్నా.

బీడీ పని ఉన్న గడులు 17 వచ్చాయి. ఎనిమిదిన్నర గంటలు. కానీ బీడీ ఒక్కటే ఉన్న గడులు ఆరే. మిగతా వాటిలో ఐదింట్లో పక్కన అన్న కొడుకు ఉన్నాడు, రెండింట్లో పొయ్యి మీద కూర ఉంది, నాలుగింట్లో టీవీ నడుస్తోంది. ఒకే గడిలో రెండు పనులుంటే ఏది ముఖ్యమైనదో గుర్తు పెట్టాలి కదా, అమ్మనే అడిగా. టీవీ ఉన్న చోట బీడీలే అంది. పిల్లవాడున్న గడులన్నిట్లో "పిలగాన్ని సూసుడే అసలు పని, చేతులు ఊకెనే ఆడుతయ్" అంది. కూర ఉన్న చోట కూరే. అలా ముఖ్యమైనవి మాత్రమే లెక్కేస్తే బీడీల పని పది గడులకు పడిపోయింది, ఐదు గంటలు. మూడున్నర గంటలు అమ్మ నోటితోనే మాయమయ్యాయి. బీడీలు మాత్రం ఎనిమిది వందల చిల్లర.

దుర్గక్కా, థీసిస్‌లో ఏది వాడాలి?

---

డూఫైల్ దుర్గ

రెండూ. అన్ని పనులూ లెక్కేసిన టేబుల్ ఒకటి, ముఖ్యమైనవే తీసుకున్న టేబుల్ ఒకటి, పక్కపక్కన పెట్టు. ఈ రెండింటి మధ్య తేడా మగవాళ్లలో ఎంత, ఆడవాళ్లలో ఎంత అని కూడా చూడు. ముఖ్యమైనది ఏదో నువ్వు నిర్ణయించకుండా అమ్మనే అడగడం బాగుంది. పెద్ద డేటాలో ఎవరు నిర్ణయించారో నీకు తెలియదు, ఆ మాట రాసుకో.

---

గోదారి ఫీల్డు మనిషి

తల్లీ, ఒక్క సంగతి. మర్నాటికి కావాల్సిన ఆకు రాత్రి తడిపి పెట్టుకుంటారు కదా మీ వైపు. అది నీ 48 గడుల్లో ఉందా?

---

కోరుట్ల పిల్ల

లేదు సార్. ఇప్పుడే ఫోన్ చేశా. నువ్వు చెప్పలేదేంటమ్మా అంటే "అది గూడ రాస్తరా?" అంది. ఎంతసేపు పడుతుందని అడిగా. "ఎంతసేపు, ఓ పది నిమిషాలు." ఒక గడిలో ఇంకో పనిని కూడా రాసుకోవాలంటే పది నిమిషాలైనా ఉండాలన్నది రూలు. సరిగ్గా సరిపోయింది. రాత్రి తొమ్మిదిన్నర గడిలో, గిన్నెలు తోముడు పక్కన చేర్చా. పద్దెనిమిది.